రంగు పోయింది సరే, రోగం పోతుందా?

ఆదివారం పొద్దున ఏ ఫంక్షన్ హాల్లోనో, హోటల్ కాన్ఫరెన్స్ రూములోనో పెట్టే ‘హెల్త్ అవేర్‌నెస్’ మీటింగుల్లో తరచూ ఒక డెమో ఉంటుంది. గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి నాలుగు చుక్కలు బెటాడిన్ వేస్తారు. నీళ్లు డికాషన్ రంగుకి తిరుగుతాయి. ‘ఇదీ మన ఒంట్లో పేరుకున్న విషం’ అంటారు. ఆ తర్వాత తాము అమ్మే యాంటీ ఆక్సిడెంట్ పొడి ఒక చెంచాడు వేసి కలుపుతారు. క్షణాల్లో నీళ్లు మళ్లీ తేటగా అయిపోతాయి. హాల్లో చప్పట్లు. అక్కడి నుంచి నెలకు నాలుగైదు వేల డబ్బా కొనిపించడం పెద్ద కష్టం కాదు.

ఆ రంగు పోవడంలో కనికట్టు ఏమీ లేదు, నిజంగానే పోతుంది. బెటాడిన్‌లో ఉండేది అయోడిన్. దానికి పొడిలోని విటమిన్ సి లాంటి పదార్థం ఎలక్ట్రాన్లు ఇస్తే అది అయొడైడ్‌గా మారుతుంది. అయొడైడ్‌కి రంగు ఉండదు. అంటే అయోడిన్ ఎక్కడికీ పోలేదు, గ్లాసులోనే ఉంది, కంటికి కనబడటం మానేసింది అంతే. మందుల షాపులో రెండు రూపాయలకు అటూ ఇటూగా దొరికే విటమిన్ సి చప్పరింపు మాత్రను నలిపి వేసినా ఇదే జరుగుతుంది. నిమ్మకాయ పిండినా జరుగుతుంది. ఫొటో స్టూడియోల్లో ఫిల్ము కడిగే రోజుల్లో వాడిన హైపో వేస్తే ఇంకా వేగంగా జరుగుతుంది. హైపో తాగితే ఆయుష్షు పెరుగుతుందని మాత్రం ఎవరూ మీటింగు పెట్టలేదు.

ఖరీదైన యాంటీ ఆక్సిడెంట్ మాత్రల వ్యాపారం చాలావరకు ఈ గ్లాసు మీదే నిలబడింది. కొన్నిసార్లు అది నిజం గ్లాసు, కొన్నిసార్లు ల్యాబులో టెస్ట్ ట్యూబు, కొన్నిసార్లు రక్త పరీక్ష రిపోర్టులో ఒక అంకె. ఆ అంకె మారగానే మనిషికి మేలు జరిగినట్టేనని మనం ఒప్పేసుకుంటాం. ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో గత నలభై ఏళ్లలో చాలా ఖర్చుపెట్టి, కొన్ని ప్రాణాలు కూడా పోగొట్టుకుని సైన్సు తెలుసుకుంది.

అసలు ఆలోచన పనికిమాలినదేమీ కాదు. 1956లో డెన్హమ్ హార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ముసలితనానికి కారణం ఫ్రీ రాడికల్స్ అని ప్రతిపాదించాడు. మన కణాలు ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునేటప్పుడు జంట లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువులు కొన్ని పుడతాయి. అవి పక్కనున్న కొవ్వుల నుంచి, ప్రోటీన్ల నుంచి, డీఎన్ఏ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటాయి. ఆ నష్టం ఏళ్ల తరబడి పోగుపడి మనిషిని కుంగదీస్తుందని ఆయన వాదన. యాంటీ ఆక్సిడెంట్ అంటే ఆ ఎలక్ట్రాన్‌ను తానే ఇచ్చేసే పదార్థం. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటా కెరోటిన్ అలాంటివే. కూరగాయలు, పండ్లు బాగా తినేవాళ్లలో, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్లలో క్యాన్సర్ తక్కువని 1980ల నాటికి చాలా అధ్యయనాలు చూపించాయి. లెక్క సరిపోయినట్టే కనిపించింది. అయితే ఆ పదార్థాన్నే మాత్రగా చేసి ఇస్తే సరి కదా?

ఇచ్చి చూశారు. ఫిన్లండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న 29,133 మంది పొగతాగే మగవాళ్లను తీసుకున్నారు. కొందరికి రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, కొందరికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఇ, కొందరికి రెండూ, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, మింగేవాళ్లకీ తెలియదు. ఐదు నుంచి ఎనిమిదేళ్లు గమనించారు. 1994లో ఫలితాలు వచ్చాయి. మొత్తం 876 మందికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చింది. అందులో బీటా కెరోటిన్ మింగిన సగం మందిలో 474, మింగని సగం మందిలో 402. అంటే క్యాన్సర్ తగ్గిస్తుందనుకున్న మాత్ర 18 శాతం పెంచింది. మరణాలు కూడా 8 శాతం ఎక్కువయ్యాయి.

ఇదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. దాని గురించి జనం తక్కువగా మాట్లాడతారు కానీ, అసలు కిటుకంతా అందులోనే ఉంది. మాత్రలు మొదలుపెట్టకముందే అందరి రక్తంలోనూ బీటా కెరోటిన్ ఎంతుందో చూసి పెట్టుకున్నారు. తిండి వల్ల సహజంగానే అది ఎక్కువగా ఉన్నవాళ్లకు క్యాన్సర్ తక్కువే వచ్చింది. అంటే పాత అధ్యయనాలు అబద్ధం చెప్పలేదు. రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువుండటం ‘ఈ మనిషి క్యారెట్లు, ఆకుకూరలు తింటాడు, బహుశా ఒళ్లు కాస్త చూసుకుంటాడు’ అనడానికి గుర్తు మాత్రమే. ఆ గుర్తును డబ్బాలో పోసి అమ్మితే ఆ మనిషి అలవాట్లు మనకు రావు.

ఫిన్లండ్ ఫలితం ఏదో పొరపాటై ఉంటుందని అనుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది. అమెరికాలో కేరెట్ అనే అధ్యయనం అప్పటికే నడుస్తోంది. పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్బెస్టాస్ పనిచేసిన కార్మికులు కలిపి 18,314 మంది. బీటా కెరోటిన్‌కి తోడు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. 1996 జనవరిలో, అనుకున్న గడువుకు 21 నెలల ముందే ఆపేయాల్సి వచ్చింది. మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం ఎక్కువ కనిపించాయి.

ఆ తర్వాత విటమిన్ ఇ వంతు వచ్చింది. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందేమోనని 2001లో మొదలైన సెలెక్ట్ అధ్యయనంలో 35,533 మంది మగవాళ్లు చేరారు. లాభం లేదని 2008లో మాత్రలు ఆపేశారు. 2011 నాటికి తేలింది ఏమిటంటే, ఒక్క విటమిన్ ఇ మాత్రమే తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. గుండెజబ్బుల మీద కూడా ఇలాగే పెద్ద అధ్యయనాలు జరిగాయి, చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు. 2012లో వైద్య ఆధారాలను తూచి చూసే కోక్రేన్ అనే సంస్థ సమీక్ష 78 అధ్యయనాలను, దాదాపు 2 లక్షల 97 వేల మంది వివరాలను ఒకచోట చేర్చి చూసింది. ఈ మాత్రల వల్ల ఆయుష్షు పెరిగిందనడానికి ఆధారం దొరకలేదు. బీటా కెరోటిన్, విటమిన్ ఇ విషయంలో మరణాలు కొద్దిగా పెరిగినట్టే కనబడింది. గుండెజబ్బు, క్యాన్సర్ రాకుండా ఈ రెండూ వాడొద్దని అమెరికా నివారణ వైద్య నిపుణుల కమిటీ 2022లో స్పష్టంగా చెప్పేసింది.

ఎందుకిలా అయింది? ఫ్రీ రాడికల్స్‌ను ఒట్టి విలన్లుగా చూడటమే పొరపాటు. మన తెల్ల రక్తకణాలు సూక్ష్మక్రిములను చంపేది వాటితోనే. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లలు కొందరు ఉంటారు. దాన్ని క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు. వాళ్లకు మామూలు క్రిములతోనే మళ్లీ మళ్లీ ప్రమాదకరమైన ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. వ్యాయామం చేసినప్పుడు కండరాల్లో పుట్టే రాడికల్స్ కూడా ఒక కబురులా పనిచేస్తాయి. ఆ కబురు అందుకునే ఒళ్లు తనను తాను గట్టిపరుచుకుంటుంది. 2009లో జర్మనీలో కుర్రాళ్లతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగం మందికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చారు. ఇన్సులిన్ బాగా పనిచేయడమనే లాభం మాత్రలు మింగనివాళ్లకే దక్కింది. తర్వాతి అధ్యయనాలన్నీ ఇంత గట్టిగా ఈ మాట చెప్పలేదు కానీ, జిమ్ముకెళ్లి చెమటోడ్చి బయటికి రాగానే యాంటీ ఆక్సిడెంట్ డబ్బా ఎత్తడం వల్ల ఒరిగేదేముందన్న అనుమానం మాత్రం మిగిలింది.

పైగా మోతాదు పెంచుకుంటూ పోతే ఒళ్లు తీసుకోదు. విటమిన్ సి రోజుకు 200 నుంచి 400 మిల్లీగ్రాములు దాటాక రక్తంలో దాని మట్టం ఇంక పెద్దగా పెరగదు, మిగతాది మూత్రంలో పోతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 65. ఒక మోస్తరు జామకాయలోనే అంతకు రెట్టింపు ఉంటుంది. కరోనా రోజుల్లో ఇంటింటా జింకు, విటమిన్ సి స్ట్రిప్పులు ఖాళీ చేశాం కదా. అమెరికాలో 214 మంది కోవిడ్ రోగులతో చేసిన అధ్యయనంలో రోజుకు 8000 మిల్లీగ్రాముల విటమిన్ సి ఇచ్చినా మామూలుగా తగ్గేవాళ్లకంటే ముందు తగ్గలేదు. అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు.

ఇవన్నీ చెబితే ఈ రంగంలో ఉన్నవాళ్ల దగ్గర ఒక జవాబు రెడీగా ఉంటుంది. ‘అవి పాతకాలం విటమిన్లండీ. మాది అది కాదు, మీ ఒంట్లో ఉన్న యాంటీ ఆక్సిడెంట్లనే నిద్రలేపే టెక్నాలజీ.’ అమెరికాలోని యూటా రాష్ట్రం కేంద్రంగా నడిచే లైఫ్‌వాంటేజ్ అనే కంపెనీ గొలుసుకట్టు పద్ధతిలో అమ్మే ప్రొటాండిమ్ అనే మాత్రది ఈ బాణీయే. దీన్ని కొంచెం దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే మిగతావాటికంటే దీని వెనక సైన్సు కాస్త బరువైనది. జో మెక్‌కార్డ్ అనే పెద్ద బయోకెమిస్టు దీనికి పేరు తెచ్చాడు. 1969లో, ఫ్రీ రాడికల్స్‌ను ఒంట్లోనే ఆర్పే సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమును కనుక్కున్న ఇద్దరిలో ఆయన ఒకడు. విటమిన్ అణువు తనలో ఉన్న ఒకటి రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేసి చల్లబడుతుంది, ఎంజైము మాత్రం లక్షల సార్లు అదే పని చేస్తూ పోతుంది కాబట్టి ఎంజైములను పెంచుకోవడమే తెలివైన పని అన్నది వాదన. కాగితం మీద చూస్తే తప్పు పట్టడానికేమీ లేదు.

మరి మాత్రలో ఏముంది? మిల్క్ థిసిల్ అనే ముళ్లమొక్క సారం 225 మిల్లీగ్రాములు, బ్రాహ్మి 150, అశ్వగంధ 150, గ్రీన్ టీ 75, పసుపు 75. మొత్తం 675 మిల్లీగ్రాములు. ఐదింటిలో మూడు మన పెరట్లోవో, మన ఆయుర్వేదం కొట్లోవో. పసుపు, అశ్వగంధ యూటా దాకా వెళ్లి సీసాలో కూర్చుని డాలర్ల ధరతో తిరిగొస్తే, డాలస్‌లో ఉన్న తెలుగు కుటుంబానికి అది ‘రీసెర్చ్ ప్రొడక్ట్’ అయిపోతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. సారం అంటే మామూలు పొడి కంటే గాఢంగా ఉంటుందన్నది నిజమే. అయినా 75 మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు.

‘నెలలో ఒంట్లో ఆక్సీకరణ నష్టం 40 శాతం తగ్గుతుంది’ అంటారు దీన్ని అమ్మేవాళ్లు. ఆ అంకె 2006లో వచ్చిన ఒక అధ్యయనంలోది. అందులో ఉన్నది 29 మంది. అందరూ ఆరోగ్యవంతులే. నెల రోజుల్లో తగ్గింది టీబార్స్ అనే రక్త పరీక్ష అంకె. కొవ్వులు ఆక్సీకరణ చెందినప్పుడు పుట్టే కొన్ని పదార్థాలను ఆ పరీక్ష కొలుస్తుంది, అదీ అంత ఖచ్చితంగా కాదు. ఎవరికీ జబ్బు తగ్గలేదు, ఎందుకంటే ఎవరికీ జబ్బు లేదు. ఎవరి ఆయుష్షూ పెరగలేదు, ఎందుకంటే నెల రోజుల్లో ఆయుష్షు కొలవలేరు. పైగా ఆ అధ్యయనం చేసిన బృందంలో మెక్‌కార్డ్ ఉన్నాడు, ఆయనకు అప్పట్లో కంపెనీతో సంబంధం ఉండేది. అంతమాత్రాన ఫలితం అబద్ధం అయిపోదు. కానీ సంబంధం లేనివాళ్లు, పెద్ద సంఖ్యలో మనుషులతో, జబ్బు వచ్చిందా రాలేదా అన్నది చూసే అధ్యయనం అవసరమన్నది అక్కడే తేలిపోతుంది.

సంబంధం లేనివాళ్లు ఎలుకల మీద చేశారు. అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ ఆధ్వర్యంలో మూడు ల్యాబులు కలిసి చేసే ఆయుష్షు పరీక్షలో, 2016లో ప్రకటించిన ఫలితాల ప్రకారం ప్రొటాండిమ్ తిన్న మగ ఎలుకల మధ్యస్థ ఆయుష్షు 7 శాతం పెరిగింది. ఆడ ఎలుకలకు ఏమీ కాలేదు. ఇది కొట్టిపారేయాల్సిన ఫలితం కాదు, ఆసక్తికరమైనదే. అయితే దీన్ని పట్టుకుని మనిషికి షుగరు, క్యాన్సరు నయమవుతాయనడం గోరంతను కొండంత చేయడమే. కంపెనీ వెబ్‌సైటులో అలాంటి జబ్బుల మాటలు ఉన్నందుకు అమెరికా ఆహార ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక లేఖ పంపింది.

ఒంట్లోని రక్షణ వ్యవస్థను నిద్రలేపడం ఎప్పుడూ మంచిదేనా అన్నది ఇంకో ప్రశ్న. ప్రొటాండిమ్ మీట నొక్కుతుందని చెప్పే ప్రోటీన్ పేరు ఎన్ఆర్ఎఫ్2. దాన్నే లక్ష్యంగా చేసుకున్న బార్డోక్సొలోన్ అనే నిజమైన మందును, షుగరు వల్ల కిడ్నీలు బాగా దెబ్బతిన్న 2,185 మందికి ఇచ్చి చూశారు. కిడ్నీ పనితీరు చూపించే అంకె చక్కగా మెరుగుపడింది. కానీ గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలైనవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు మందు తీసుకున్న గుంపులో 96 మంది, తీసుకోని గుంపులో 55 మంది. 2012లో అధ్యయనం ఆపేశారు. అంకెను చూసి మురిసిపోయి ఉంటే ఆ మందు ఈపాటికి షాపుల్లో ఉండేది. ఇదే దారిలో కొంతవరకు పనిచేసే డైమిథైల్ ఫ్యుమరేట్ అనే మందు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి ఉపయోగపడుతోంది. అది ఆ స్థాయికి చేరింది వేలమంది రోగుల మీద పరీక్ష నెగ్గి, దుష్ప్రభావాలు రాసుకుని, డాక్టర్ చీటీతో మాత్రమే అమ్మే షరతుకు ఒప్పుకుని.

మన దగ్గర ఇప్పుడు మోజంతా గ్లూటాథయోన్ మీద ఉంది. నీళ్లలో వేస్తే నురగతో కరిగే మాత్రలు, స్కిన్ క్లినిక్కుల్లో ‘గ్లూటా డ్రిప్’. పెళ్లికి నెల ముందు నుంచి ప్యాకేజీలు. ఇది మన కాలేయం స్వయంగా తయారు చేసుకునే పదార్థమే. మూడు అమైనో ఆమ్లాల ముడి. నోటితో మింగితే జీర్ణమయ్యేటప్పుడు ఆ ముడి చాలావరకు ఊడిపోతుంది. నెలల తరబడి తీసుకున్నవాళ్లలో రక్తంలో కొంత పెరిగిందని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. అంతకుమించి రంగు మీద, వయసు మీద చూపించే ప్రభావానికి ఉన్న ఆధారాలు కొద్దిమందితో, కొద్ది వారాలు చేసినవే. సూదిమందుగా ఎక్కించుకోవడం మాత్రం తేలిగ్గా తీసుకునే విషయం కాదు. తెల్లబడటం కోసం ఇలా ఎక్కించుకోవద్దని ఫిలిప్పీన్స్ ఆహార ఔషధ సంస్థ ప్రజలను హెచ్చరించింది.

డబ్బాల మీద ఒకప్పుడు మరో అంకె కనిపించేది, ఓరాక్ స్కోరు. ఒక పదార్థం టెస్ట్ ట్యూబులో ఎన్ని రాడికల్స్‌ను ఆర్పుతుందో చెప్పే కొలత. అసాయీ, మాంగోస్టీన్, నోని పండ్ల రసాలను దీన్ని చూపించే అమ్మారు. అమెరికా వ్యవసాయ శాఖ తానే ప్రచురించిన ఓరాక్ పట్టికను 2012లో వెబ్‌సైటు నుంచి తీసేసింది. ఆ అంకెలకూ ఒంట్లో జరిగేదానికీ సంబంధం లేదని, కంపెనీలు వాటిని ప్రచారానికి దుర్వినియోగం చేస్తున్నాయని కారణం చెప్పింది.

ఇంత జరిగినా డబ్బాలు అమ్ముడుపోతూనే ఉన్నాయంటే, మన ప్రాంతంలో దానికి సైన్సు కంటే మొహమాటం పెద్ద కారణం. అమ్మేది ఎవరో సేల్స్‌మన్ కాదు, పిన్ని కొడుకు, పాత కొలీగు, అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాటు ఆవిడ. ‘నా షుగరు 240 నుంచి 130కి వచ్చిందండీ’ అని చెప్తే, ‘మెట్‌ఫార్మిన్ మానేశారా? ఈమధ్య వాకింగ్ మొదలుపెట్టారు కదా?’ అని ఎదురు అడగడం మర్యాద కాదనిపిస్తుంది. అడగం. కొనేస్తాం. పాపం ఆ చెప్పేవాళ్లు కూడా చాలామంది మోసగాళ్లు కాదు, నిజంగా నమ్మినవాళ్లే. అప్పటికే డౌన్‌లైన్, అంటే గొలుసులో తమ కింద చేరేవాళ్ల కోసం ముప్పై నలభై వేలు పెట్టుబడి పెట్టి ఉంటే, నమ్మకపోవడం ఖరీదైన వ్యవహారం మరి.

చట్టం ఉంది. 2016లో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ తెచ్చిన నిబంధనల ప్రకారం ఇవి ఆహారం కోవలోకి వస్తాయి, మందుల కోవలోకి రావు. ‘మందుగా వాడటానికి కాదు’ అని లేబుల్ మీద రాయాలి. రాస్తారు కూడా, ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. మందు కాదు కాబట్టి జబ్బు తగ్గించినట్టు నిరూపించాల్సిన పని లేదు. అమెరికాలో 1994 నాటి చట్టం కూడా దాదాపు ఇదే వెసులుబాటు ఇచ్చింది. ఇక షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, క్యాన్సరు అనే మాటలన్నీ లేబుల్ మీద కాకుండా జూమ్ కాల్లోనో, వాట్సాప్ ఆడియోలోనో వస్తాయి. నోటిమాటకి లేబుల్ ఉండదు.

యాంటీ ఆక్సిడెంట్ మాత్ర ఎక్కడా పనిచేయదా అంటే, పనిచేసిన చోటు ఉంది. వయసు మీద పడ్డాక కంటి మధ్యభాగం దెబ్బతినే మాక్యులర్ డీజెనరేషన్ అనే జబ్బు మధ్యస్థ దశలో ఉన్నవాళ్లకు విటమిన్ సి, ఇ, బీటా కెరోటిన్, జింకు కలిపిన ఒక ప్రత్యేక మిశ్రమం ఇస్తే, జబ్బు ముదిరే అవకాశం దాదాపు 25 శాతం తగ్గిందని 2001లో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. అక్కడ చూసింది రక్తంలో అంకె కాదు, రోగి కంటి జబ్బు ముదిరిందా లేదా అన్నది. పొగతాగేవాళ్లకు ప్రమాదమని తెలిసింది కాబట్టి 2013లో బీటా కెరోటిన్ తీసేసి లూటిన్, జియాజాంథిన్ పెట్టారు. కంటి డాక్టర్ రాస్తే అది వాడుకోవాల్సిందే. అదే మిశ్రమం ఆరోగ్యంగా ఉన్న కళ్లకు జబ్బు రాకుండా చేస్తుందని మాత్రం తేలలేదు.

దీనికి పూర్తి భిన్నమైన పరిస్థితి క్యాన్సర్ వార్డుల్లో కనిపిస్తుంది. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ అని తెలియగానే చుట్టాలు మోసుకొచ్చే వాటిలో ఈ డబ్బాలు ముందుంటాయి. రేడియేషన్, కీమో మందుల్లో కొన్ని క్యాన్సర్ కణాన్ని చంపేది అందులో ఫ్రీ రాడికల్స్ పుట్టించే. ఆ సమయంలో పెద్ద మోతాదులో యాంటీ ఆక్సిడెంట్లు మింగితే క్యాన్సర్ కణానికి కూడా అవే కవచం కావచ్చు. 2014లో స్వీడన్ పరిశోధకులు అప్పటికే ఊపిరితిత్తుల్లో కణితులున్న ఎలుకలకు విటమిన్ ఇ, ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మరో యాంటీ ఆక్సిడెంట్ ఇస్తే కణితులు ఇంకా వేగంగా పెరిగాయి. పసుపు సారం, అశ్వగంధ, గ్రీన్ టీ సారం వల్ల అరుదుగానైనా కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. కీమోలో ఉన్న మనిషికి కాలేయం ఎంజైములు ఒక్కసారిగా పెరిగితే డాక్టర్ ముందు అనుమానించేది తానిచ్చిన మందునే. దాన్ని తగ్గిస్తారు, లేదా వాయిదా వేస్తారు. మంచం పక్క టేబుల్ మీద ఉన్న డబ్బా గురించి ఆయనకు ఎవరూ చెప్పరు, ‘అది మందు కాదు కదా, ఒట్టి సప్లిమెంటే’ అనుకుంటారు. ఓపీకి వెళ్లేటప్పుడు రిపోర్టుల ఫైలుతో పాటు ఆ డబ్బా కూడా సంచిలో వేసుకెళ్లి డాక్టర్ బల్ల మీద పెట్టాలి.